మూలమట్టము

ఆంగ్లభాషలో ‘ఆర్థోగోనల్’ అను నొక విశేషణము గలదు. నిఘంటువు తెఱచి చూచినచో ‘లంబకోణముగా నుండునది’ అను నర్థము కనబడును. బాలురకు గణితము బోధించు మేము ఇరువది యేండ్లనుండి ఆ యర్థమునే నల్లబల్లపై వ్రాయుచు, వారిచేత వల్లె వేయించుచు, పరీక్షలో దానికి మార్కులు వేయుచు కాలము గడుపుచున్నాము. మాట తెలిసినచో వస్తువు తెలిసినట్లే యని మా నమ్మకము. ఆ నమ్మకము హుజూరాబాదు సమీపమున నొక పొలము గట్టుమీద సడలిపోయినది. ఆ సంగతి ముందుగా చెప్పి, పిమ్మట ఆ మాట చరిత్రలోనికి పోవుదుము.

మేమెఱిగిన యొక కుటుంబమున తండ్రి గతించెను. ఆయనకు కూతురొకతె, కుమారు డొకడు. కూతురు పెద్దది. హిందూ కుటుంబపు ఉమ్మడి యాస్తిలో ఆడుబిడ్డకును సమానభాగము గలదని నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము, అప్పటికి పెండ్లికాని కూతుండ్రకు వర్తించునట్లుగా, 1985 సెప్టెంబరు 5 నుండియే చట్టమును సవరించియుండెను. 2005లో కేంద్రచట్టము ఆ న్యాయమును దేశమంతటికిని విస్తరింపజేసెను. కావున అక్కకు భాగమీయ వలసినదే యని తమ్ముడొప్పుకొనెను. అతడు దుర్మార్గుడు కాడు. కాకతీయ కాలువ క్రింద వారికి ఒకదాని ప్రక్క నొకటి రెండు మళ్లు గలవు. రెంటికిని నడుమ నొకటే గట్టు. పెద్దలు గట్టుల వెంబడి కొలిచిరి. రెండు మళ్లకును పొడవు 132 అడుగులు, వెడల్పు 66 అడుగులు వచ్చెను. గుంట యనగా 33 అడుగుల భుజముగల చతురస్రము గదా. కావున పొడవున నాలుగు, వెడల్పున రెండు, వెరసి చెరి యెనిమిది గుంటలని తేల్చిరి. తమ్మునకు మూలలు సరిగానున్న మడియు, అక్కకు పిల్లకాలువ వాలునుబట్టి ప్రక్కకు ఒరిగిన మడియు వచ్చెను. సాక్షి సంతకమునకై మమ్ము పిలిచిరి. మేమును లెక్క సరిగానే యున్నదని కలము తీసితిమి.

అప్పు డామె మాతో నిట్లనెను: “సారూ, చుక్కల ముగ్గు పక్కకు వాలితె వరుసలు దగ్గరికొస్తయి గదా. నా మడి గట్లనే ఉన్నది.”

ఆమె ఐదవ తరగతితో చదువు మానినది. మేము సంస్కృతమును ఆంగ్లమును చదివినవారము. ఆమె చూచినదానిని మేము చూడలేదు. కలము జేబులో పెట్టి, తాడు తెప్పించితిమి. తరువాత జరిగినది కడపట చెప్పెదము. ఆ దినమంతయు మా మనస్సున మెదలిన ప్రశ్న యొక్కటే: లంబకోణ మను మాటను బాల్యమునుండి ఉచ్చరించుచున్న మాకు, ఆ కోణము లోపించినచోట అది లోపించెనని యేల తోచలేదు?

‘ఆర్థోగోనల్’ అనునది గ్రీకుభాషనుండి వచ్చినది. ‘ఆర్థోస్’ అనగా నిటారుగా నిలిచినది, వంకర లేనిది. ‘గోనియా’ అనగా మూల, కోణము. ఆ భాషలోనే మోకాలికి ‘గోను’ అని పేరు; మన సంస్కృతములోని ‘జాను’ శబ్దమునకు అది తోబుట్టువు. మోకాలు వంచినపు డేర్పడు మూలయే కోణమునకు తొలి రూపము కాబోలు. క్రీస్తునకు పూర్వము సుమారు 300 సంవత్సరముల నాడు యూక్లిడ్ తన గ్రంథమున నీ కోణమునకు చక్కని లక్షణము చెప్పెను: ఒక సరళరేఖమీద మఱియొక సరళరేఖ నిలిచి, తన కిరుప్రక్కల కోణములను సమానముగా జేసినచో, ఆ రెండు కోణములును లంబకోణములు. ఇన్ని డిగ్రీలని అతడు చెప్పలేదు. ఇరుప్రక్కల సమానముగా నుండుటయే దాని ప్రాణము. మన పూర్వపు తెలుగు పాఠ్యపుస్తకములలో దీనిని ‘సమకోణ’ మనుటయు ఈ లక్షణమునకు చక్కగా సరిపోయినది.

ఆంగ్లభాషలో ‘ఆర్థోగోనల్’ అను రూపము మొదట కనబడు చోట్లలో 1571లో లండనులో ప్రకటింపబడిన ‘పాంటోమెట్రియా’ యను పుస్తకము ముఖ్యమైనది. లియోనార్డ్ డిగ్గెస్ అను నతడు దానిని వ్రాయగా, ఆయన మరణానంతరము కుమారుడు థామస్ డిగ్గెస్ దానిని పూర్తిచేసి అచ్చు వేయించెను. ఆ పుస్తకము పండితగోష్ఠులకై వ్రాసినది కాదు. భూములను, ఎత్తులను, దూరములను కొలుచు విధము నేర్పునది. అనగా నేడు విశ్వవిద్యాలయములలో వినబడు నీ గంభీరమైన మాట ఆంగ్లమునకు పొలము గట్టు మీదుగానే వచ్చినది. మేమీ సంగతి నెఱిగి లజ్జపడితిమి. మాట పుట్టినచోటనే మేము దానిని గుఱుతింపలేకపోతిమి గదా!

ఆంగ్లములో దీని చుట్టము లింకను గలవు. ‘పెర్పెండిక్యులర్’ అను మాటకు మూలము లాటిను భాషలో వ్రేలాడు గుండునకు గల పేరు. గోడ నిటారుగా నున్నదో లేదో చూచుటకు తాపీవాడు దారమునకు గట్టి వ్రేలాడదీయు గుండది. ‘నార్మల్’ అను మాట యింకను విచిత్రమైనది. లాటినులో ‘నార్మా’ యనగా వడ్రంగి మూలమట్టము. దానినుండి పుట్టిన ‘నార్మల్’ ఆంగ్లమున పదునేడవ శతాబ్దిలో ‘లంబముగా నుండునది’ యను నర్థముతోనే చెల్లెను. గణితమున నేటికిని ఆ యర్థము గలదు. పిదప పందొమ్మిదవ శతాబ్దిలో ‘పద్ధతి ప్రకార ముండునది’, ‘సాధారణమైనది’ యను నర్థములు వ్యాపించెను. 1794లో ప్యారిసునగరమున ఉపాధ్యాయులను తయారుచేయుటకు స్థాపించిన పాఠశాలకు ఆ పేరే పెట్టిరి. దాని ననుసరించి మదరాసు రాజధానిలోను ‘నార్మల్ స్కూళ్లు’ వెలసెను. మన పెద్దలలో ననేకులు నార్మల్ స్కూలులో తర్ఫీదు పొందిన పంతుళ్లే. ఆ పేరునకు మూలమట్టపు పాఠశాల యని యర్థమని ఎంతమంది యెఱుగుదురో! వంకరను సరిచేయు పనిముట్టు పంతులు వృత్తికి గుఱుతైనది. అది గౌరవమును, భారమును గూడ.

ఇక మన దేశపు మాటల జూతము. సంస్కృతమున ‘లంబము’ అనగా వ్రేలాడునది. లాటిను తాపీవాని గుండును మన లంబమును ఒకే చూపు చూచినవి. గ్రీకువాడు దానిని క్రిందినుండి చూచి ‘నిలిచినది’ యన్నాడు. మనవాడు పైనుండి చూచి ‘వ్రేలాడునది’ యన్నాడు. నిజాము రాజ్యమున మన తాతలు ఉర్దూ పాఠశాలలలో చదివినప్పుడు దీనిని ‘జావియె కాయిమా’ యని నేర్చుకొనిరి. అరబ్బీలో ‘జావియా’ యనగా మూల, ‘కాయిమా’ యనగా నిలిచియున్నది. గ్రీకుమాటకు అక్షరశః సమానము. మా తాతగారు ముదిమిలో గూడ లంబకోణ మనిన తడుముకొని, జావియె కాయిమా యనగానే నవ్వుచు రెండు చేతులను అడ్డముగా నిలువుగా పట్టి చూపెడివారు. తమ యింటిలో మాటలాడు భాషలో ఆ మాట వారికి బడి నేర్పలేదు. 1906లో హైదరాబాదున స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలి శాస్త్రములను తెలుగున వ్రాయించుటకు పూనుకొనెను. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము శాస్త్రములను ఉర్దూలోనికి దెచ్చుటకు ఒక యనువాదశాఖతో నపారమైన కృషి చేసెను. దేశభాషలో గణితము చెప్పవచ్చునని లోకమునకు చూపిన కీర్తి ఆ విశ్వవిద్యాలయమునకు గలదు. కాని ఆ దేశభాష మా గ్రామములలోని బిడ్డల భాష కాదు. 1948 సెప్టెంబరున హైదరాబాదు రాజ్యము భారతదేశమున గలసిన పిమ్మటనే యిచట తెలుగు బడులు మెల్లగా విస్తరించెను.

అయినను ఏ బడికిని పోని తెలుగువానికి ఈ కోణము తెలియకపోలేదు. వడ్రంగికిని తాపీవానికిని ‘మూలమట్టము’ గలదు. మూలను మట్టముచేయునది గనుక దానికి ఆ పేరు. సాలెవారి మగ్గముమీద పడుగును పేకయు నొండొంటిని లంబముగానే దాటిపోవును. నాలుగు దారులు కలియుచోటు మన తెలంగాణమున ‘చౌరస్తా’. 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినారు నాలుగు తోరణములును నాలుగు దిక్కులకు తెఱచి, లంబముగా దాటుకొను రెండు రాజమార్గముల నడుమ నిలిచియున్నది. ఆ చౌరస్తానుండియే హైదరాబాదు పెరిగినది. మన యిండ్ల ముంగిళ్లలో స్త్రీలు ప్రతి ప్రాతఃకాలమునను పెట్టు సరిచుక్కల ముగ్గులో ప్రతి చుక్కయు అడ్డు వరుసకును నిలువు వరుసకును చెంది లంబకోణములను దిద్దుచునే యుండును. సందుచుక్కల ముగ్గు వేఱు. అందు చుక్కలు పై వరుస సందులలో పడును గనుక రేఖలు వాలుగా నడచును. ఈ భేదమును బాలికకు తల్లి యేడవ యేటనే నేర్పును. ఇది రేఖాగణితము గాక మఱేమి?

మన పూర్వులు యజ్ఞవేదికలను నిర్మించుటకు శుల్బసూత్రములు రచించిరి. శుల్బ మనగా త్రాడు. తెలుగుదేశమున బ్రాహ్మణులలో పెక్కుమంది ఆపస్తంబ సూత్రమువారు. ఆపస్తంబుని శుల్బసూత్రమున లంబకోణము నేర్పఱచుటకు త్రాటి కొలతలు స్పష్టముగా గలవు. మూడు, నాలుగు, అయిదు; అయిదు, పండ్రెండు, పదుమూడు; ఎనిమిది, పదునైదు, పదునేడు; పండ్రెండు, ముప్పదియైదు, ముప్పదియేడు: ఈ కొలతలలో ఏ మూటితోనైనను త్రాటిని ముక్కోణముగా బిగించి మేకులు పాతినచో నొక మూల తప్పక లంబకోణ మగును. దిక్కులను నిర్ణయించుటకు శంకువు నుపయోగించిరి. సమమైన నేలపై వృత్తము గీచి, నడుమ నొక కఱ్ఱను నిటారుగా నాటి, ఉదయమున దాని నీడకొన వృత్తమును తాకుచోటును, సాయంకాలమున తాకుచోటును గుఱుతుపెట్టి, ఆ రెంటిని కలిపినచో తూర్పుపడమరల రేఖ వచ్చును. ఆ రెండు గుఱుతులనుండి త్రాటితో చాపములు గీచినచో చేపయాకారము గల రూప మేర్పడి, దాని తలనుండి తోకకు గీచిన రేఖ ఉత్తరదక్షిణముల జూపును. మనము నేటికిని ఇల్లు కట్టుటకు ముందు ‘శంకుస్థాపన’ చేయుచున్నాము. పురోహితుడు మంత్రము చదువును. గృహస్థు పసుపు కుంకుమలు చల్లును. నీడను చూచువాడు లేడు.

ఇచ్చటనే మన జాతి చరిత్రలోని యొక దుఃఖము గలదు. సూత్రమును వల్లించినవాని చేత త్రాడు లేదు. త్రాడు పట్టినవానికి సూత్రము చదువు నధికారము లేకపోయెను. శుల్బసూత్రములను కంఠస్థము చేసినవారు వానిని పుణ్యమునకై చదివిరి. మూలమట్టమును చేతబట్టిన వడ్రంగి తన పనికి గల యుపపత్తి నెఱుగక తాతతండ్రులు చేసినట్లు చేసెను. ముగ్గు పెట్టిన యిల్లాలు తాను చేయునది శాస్త్రమని యెఱుగనేలేదు. ఎవరును ఆమెకు చెప్పలేదు. మాటయు పనియు వేర్వేఱు కులములవారికి, వేర్వేఱు లింగములవారికి పంచిపెట్టబడినవి. అట్టి దేశమున శాస్త్రము పెరుగుట కష్టము. శాస్త్రము వల్లెవేయు నోటను కాదు, పనిచేయు చేతను కాదు, ఆ రెండును కలిసినచోట పుట్టును.

అయినను మన గణితజ్ఞులలో నీ విషయమున మేల్కొన్నవారు లేకపోలేదు. నాలుగు భుజముల పొలమును కొలుచుట కొక ప్రాచీనమైన మోటు పద్ధతి గలదు: ఎదురెదురు భుజములను కూడి సగము చేసి, ఆ రెండు సగములను గుణించుట. ఈజిప్టుదేశపు ఎడ్ఫూ దేవాలయపు భూముల పట్టికలలో నీ పద్ధతియే కనబడును. 628లో బ్రహ్మగుప్తుడు దీనిని చెప్పుచునే, ఇది స్థూలఫలమని హెచ్చరించి, సూక్ష్మఫలమునకు వేఱు మార్గము చూపెను. తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూటుల నాటి మహావీరాచార్యుడును వ్యవహారమునకు పనికివచ్చు లెక్కను, సూక్ష్మమైన లెక్కను వేర్పఱచెను. ఆయన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి దెచ్చెను. లెక్కల శాస్త్రమును సామాన్యుని భాషలో చెప్పవచ్చునని మనవారిలో నిరూపించినవాడు ఆయన.

ఆ మోటు పద్ధతిలోని దోష మెట్టిదనగా, అది యెన్నడును తక్కువ చూపదు. నాలుగు మూలలును లంబకోణములైనప్పుడు మాత్రము అది సరియైన వైశాల్యము నిచ్చును. మూల ఏమాత్రము తప్పినను ఉన్నదానికంటె నెక్కువయే చూపును. కావున భూమి కమ్మువానికిని, శిస్తు వసూలు చేయువానికిని, ఒరిగిన మడిని ఇంకొకరికి పంచియిచ్చువానికిని అది యనుకూలము; కొనువానికిని, శిస్తు కట్టువానికిని, పుచ్చుకొనువానికిని నష్టము. 1150లో భాస్కరాచార్యుడు లీలావతియందు ఈ సంగతిని మిక్కిలి కటువుగా చెప్పెను. నాలుగు భుజముల కొలతలు మాత్రమే చెప్పి, ఒక లంబమునుగాని యొక కర్ణమునుగాని చెప్పక వైశాల్య మింత యని యడుగువాడు పిశాచమనియు, దానికి సమాధానము చెప్పువాడు అంతకంటె పెద్ద పిశాచమనియు ఆయన తాత్పర్యము. ఏలయన భుజములు మాఱకయే చతుర్భుజము ప్రక్కకు ఒరుగగలదు; ఒరిగిన కొలది వైశాల్యము తగ్గును. లంబము చెప్పనిదే వైశాల్యము నిలువదు. మే మా గట్టుమీద సాక్షి సంతకము చేయబూనినపుడు భాస్కరుని దృష్టిలో ఏమైతిమో చదువరులే యూహింపవచ్చును.

మన ప్రాంతమున భూమి శాస్త్రీయముగా కొలువబడినది పందొమ్మిదవ శతాబ్ది చివరి పాదమున, మొదటి సాలార్‌జంగు సంస్కరణల తరువాత. అంతకు పూర్వము శిస్తు వసూలు ఎక్కువగా గుత్తేదారుల చేతిలో నుండెను. చేను కంటికి కనబడినంత, శిస్తు నోటికి వచ్చినంత. బొంబాయి రాష్ట్రపు పద్ధతి ననుసరించి సర్వే జరిపి, ప్రతి చేనునకును నంబరు వేసి, ఎకరములు గుంటలు తేల్చిరి. గుంట 121 చదరపు గజములు. 40 గుంటలు ఒక ఎకరము. చేలు నలుచదరముగా నుండవు గదా. వాని నెట్లు కొలిచిరనిన, చేని నడుమ నొక ఆధారరేఖను పఱచి, దానినుండి ప్రతి వంపునకును ప్రతి మూలకును లంబములను తీసి, చేనును ముక్కోణములుగాను చతుర్భుజములుగాను విభజించి కూడిరి. లంబము సరిగా వచ్చుటకు సర్వేయర్లు క్రాస్ స్టాఫ్ అను పనిముట్టు నుపయోగింతురు. అది కఱ్ఱమీద నిలిపిన చిన్న పెట్టె. దాని ప్రక్కలకు ఎదురెదురుగా నాలుగు సన్నని చీలిక లుండును. ఒక జంట చీలికలలో ఆధారరేఖ కనబడుచుండగా రెండవ జంటలో చేని మూల కనబడిన స్థలమే లంబము వ్రాలు స్థలము. ఆ కొలతలు వ్రాసిన ‘టిప్పన్’ పటములు గట్టు తగవులు వచ్చినపుడు మన రైతులు చేతులు జోడించి యడుగునవి. రైతునకు వానిలోని గీతలు మంత్రాక్షరములవలె కనబడును. ఆ గీతలకు ఆధారమైన కోణము తన గుమ్మపు మూలలోనే యున్నదని ఎవరైన నొకసారి చూపియుండినచో, ఎన్ని తరముల భయము తీరియుండెడిదో!

ఇంతవఱకు నీ మాటకు గల భూమిసంబంధమైన చరిత్ర. ఇరువదవ శతాబ్దిలో నిది భూమిని విడిచి చాల దూరము పోయినది. తూర్పుగా నాలుగు గొలుసులు నడచినవాడు ఉత్తరముగా నొక్క అంగుళమైనను పోలేదు. లంబములైన రెండు దిక్కులలో నొకదాని నడక రెండవదానికి లాభము గాని నష్టము గాని చేయదు. ఈ గుణమును బట్టి గణితజ్ఞులు, ఒకదాని ప్రభావము వేఱొకదానిపై పడని వానినన్నిటిని ‘ఆర్థోగోనల్’ అనసాగిరి. మన చేతి ఫోనులకు వార్తను మోయు తరంగములనుగూడ నీ పద్ధతిచేతనే యమర్తురు: నాలుగవ తరము ఫోనులలో అనేక తరంగములు ఒకే గాలిలో ఒకేసారి ప్రయాణించుచు, ఒకదాని వార్తను మఱియొకటి చెఱుపకుండునట్లు అవి పరస్పరము ‘లంబముగా’ ఏర్పఱుపబడినవి. పడుగును పేకయు నొకే బట్టలో నుండియు నొకదాని పని నొకటి చేయనట్లే యని చెప్పినచో మన సాలెవారికి సుబోధమగును.

ఈ మాట న్యాయస్థానమునకును పోయినది. 2010 జనవరి 11న అమెరికా సుప్రీంకోర్టులో బ్రిస్కో అను నతనికిని వర్జీనియా రాష్ట్రమునకును జరిగిన వ్యాజ్యమున, రిచర్డ్ ఫ్రీడ్‌మన్ అను న్యాయశాస్త్రాచార్యుడు వాదించుచు, ఒక ప్రశ్న ప్రస్తుత విషయమునకు పూర్తిగా ‘ఆర్థోగోనల్’ అనెను. ప్రధానన్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ ఆ మాట యేమని తిరిగి యడిగెను. లంబకోణమని, సంబంధము లేనిదని ఆచార్యుడు విప్పి చెప్పెను. న్యాయమూర్తి స్కాలియా ఆ మాటను చూచి ముచ్చటపడగా సభలో నవ్వులు పుట్టెను. మాకు ఆ కథలో నచ్చినది ప్రధానన్యాయమూర్తి యడుగుట. తెలియని మాట వినబడినపుడు తెలిసినట్లు తలయూపక, అదేమని యడుగుటకు అంతటి పీఠముమీద కూర్చున్నవాడు వెనుదీయలేదు. మన తరగతులలో పిల్లవాడు అట్లడిగినచో మన ముఖ మెట్లుండునో పరీక్షించుకొన వలెను.

ఈ క్రొత్త యర్థమునుండి మన సంఘమునకు రెండు పాఠములు గలవని మా యభిప్రాయము. మొదటిది: లంబమైనదెల్ల విరుద్ధము కాదు. మనలో వాదము లన్నియు వేర్వేఱు దిక్కులను ఎదురెదురు దిక్కులుగా భావించుటవలన పుట్టుచున్నవి. సంస్కృతము చదివినవాడు ఆంగ్లమునకు శత్రువనియు, ఆంగ్లము చదివినవాడు తెలుగునకు ద్రోహియనియు, పూజ చేయువాడు విజ్ఞానమును ద్వేషించుననియు, బిడ్డకు ఉద్యోగవిద్య కావలె ననువాడు సాహిత్యమును పారవేయుమనుచున్నాడనియు మనము తొందరపడి తీర్పు చెప్పుదుము. తూర్పునకు పోవువాడు ఉత్తరమునకు పోవువానికి అడ్డము రాడు. ఇద్దఱును బయలుదేరిన చౌరస్తా యొక్కటే. అడ్డముగా వచ్చువాడు పడమర మొగమైనవాడు మాత్రమే.

రెండవ పాఠ మంతకంటె ముఖ్యమైనది. సంబంధము లేదని నోటితో చెప్పినంత మాత్రమున సంబంధము తెగిపోదు. ‘ఆస్తి పంపకము వేఱు, ఆడుబిడ్డపై ప్రేమ వేఱు, ఆ రెంటిని కలుపకుడు’ అను మాట మన గ్రామములలో తరచుగా వినుచున్నాము. ‘కులము వేఱు, చదువు వేఱు’ అని చెప్పి, ఎవని పిల్లలు బడిలో వెనుక కూర్చున్నారో చూడనివారు గలరు. నిజముగా లంబములేని చోట లంబమున్నదని చెప్పుట, ఒరిగిన మడిని నలుచదరమని కొలుచుట వంటిదే. అందు లెక్క యెప్పుడును బలవంతునకే యనుకూలించును. వడ్రంగి మూల సరిగా నున్నదని ప్రమాణము చేయడు; మూలమట్టము పెట్టి చూపును. సంఘమున ‘ఇది దానికి సంబంధించినది కాదు’ అను ప్రతి మాటకును అట్టి పరీక్ష కావలెను.

ఇక ఆ పొలము గట్టునకు తిరిగి పోవుదుము. త్రాటికి మూడు, నాలుగు, అయిదు మూరలయొద్ద ముడులు వేసి, మూడు మేకులకు బిగించి, నడుమగట్టుమీద లంబము నిలిపి చూపితిమి. తమ్ముని మడిలో ఆ లంబము గట్టు వెంబడియే పోయి 66 అడుగులు కొలిచెను. అక్క మడిలో ప్రక్కగట్టు లంబమును విడిచి ప్రక్కకు పోయెను. ఎదుటి గట్టువఱకు లంబము 49½ అడుగులు మాత్రమే వచ్చెను. అనగా పొడవున నాలుగు, వెడల్పున ఒకటిన్నర, ఆఱు గుంటలు. ఎనిమిది గుంటలని వ్రాసిన కాగితము మా చేతిలోనే యుండెను. పెద్దలు నిశ్శబ్దముగా నుండిరి. గట్టులన్నియు కొలిచినవే, అబద్ధమేదియు చెప్పలేదు. అయినను రెండు గుంటలు మాయమైనవి.

తమ్ముడు కొంతసేపు త్రాటిని చూచి, “అక్కా, మొత్తం పదునాలుగైతే చెరి ఏడు గదా” అనెను. నడుమగట్టును అతని మడిలోనికి 8¼ అడుగులు జరిపినచో, 132 అడుగుల పొడవున సరిగా నొక గుంట యగును. మేకులు పాతిరి. కాగితము చింపి క్రొత్తది వ్రాసిరి. సాక్షి సంతకము చేయుటకు ముందు మేము ఆమెను గూడ త్రాటి కొన పట్టుకొని కొలువుమని కోరితిమి. ఆమె కొలిచెను. ఆ పిమ్మటనే మేము సంతకము చేసితిమి.

ఇప్పుడు మా తరగతిలో ఈ పాఠము వచ్చినపుడు నిఘంటువు తెఱచుట మానితిమి. బాలబాలికలను ఆవరణలోనికి కొనిపోయి త్రాడిచ్చుచున్నాము. ముగ్గు పెట్టుట యెఱిగిన బాలికలను ముందు నిలిపి, చుక్కలను ఒరిగించి చూపుమనుచున్నాము. ఊరి వడ్రంగిని పిలిచి, అతని మూలమట్టమును బల్లమీద పెట్టించి, పిల్లలు దానిని ముట్టి చూచిన పిమ్మట మాత్రమే నల్లబల్లపై ఆ మాట వ్రాయుచున్నాము: గ్రీకుమాటను, అరబ్బీమాటను, సంస్కృతపు మాటను, మన మాటను నాల్గింటిని వరుసగా. ఈ పత్రికను చదువు గృహస్థులును తమ యింటిలో నొక త్రాడు తీసికొని బిడ్డలకు ఈ మూలను చూపుదురు గాక. చూపిన పిమ్మట తమ భూమి కాగితములను, అందు ఆడుబిడ్డల భాగములను గూడ ఆ మూలతోనే యొకసారి కొలిచికొందురు గాక.